పూల లోయకి వెళ్లి నిజంగా పూలు చూసి రావడం ఎలా

ఉత్తరాఖండ్‌లోని పూల లోయకి వెళ్లొచ్చిన మనవాళ్లని అడిగితే చాలామంది దగ్గర వినిపించే మాట ఒకటుంది. "అంత దూరం నడిచాం గానీ, ఫోటోల్లో చూపించినన్ని పూలేం లేవండీ." మొదటిసారి వెళ్లొచ్చాక నేనూ అచ్చంగా ఇదే అన్నాను. ప్యాకేజీ అమ్మినతను "జూన్‌లో కూడా ఫుల్‌గా పూస్తాయి సార్" అంటే నమ్మి జూన్ మూడో వారంలో బయల్దేరాను. అక్కడ నాకు కనిపించింది మట్టి కొట్టుకుపోయిన మంచు, దాని అంచున వేలెడేసి మొక్కలు, పైన వాన. లోపలికి గంటన్నర నడిచి, ఒక బండ మీద కూర్చుని చపాతీ తిని, ఫోటో దిగి వచ్చేశాను. రెండేళ్ల తర్వాత ఆగస్టు మొదటి వారంలో మళ్లీ వెళ్లాను, ఈసారి లోయకి రెండు రోజులు ఇచ్చాను. అప్పుడు అర్థమైంది, మొదటిసారి కూడా నా కాళ్ల దగ్గర బోలెడు పూలున్నాయని, నేనే ఎక్కడో దూరంగా రంగురంగుల తివాచీ పరిచి ఉంటుందని వెతుక్కుంటూ వాటిని దాటుకుపోయానని.

అందుకే ఇందులో ఎలా వెళ్లాలి అనేది కొంచెం, వెళ్లాక ఎలా చూడాలి అనేది ఎక్కువ చెప్తాను.

ముందు చోటు గురించి నాలుగు ముక్కలు. చమోలీ జిల్లాలో, బదరీనాథ్ దారికి కాస్త పక్కగా ఉంటుంది. అక్కడి వాళ్లకి ఇది భ్యూందర్ లోయ, మధ్యలో పారే ఏరు పుష్పావతి, దాని పుట్టుక పైనున్న టిప్రా హిమానీనదం దగ్గర. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగి వస్తూ ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు తోటివాళ్లతో ఇటుగా వచ్చాడు. చూసినదాన్ని మర్చిపోలేక 1937లో పూల కోసమే మళ్లీ వచ్చాడు. బయటి ప్రపంచానికి పూల లోయ అన్న పేరు తెలిసింది ఆయన వల్లే. 1982లో జాతీయ ఉద్యానం చేశారు, విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 500కి పైగా రకాల పూల మొక్కలు నమోదయ్యాయి. ఆ లెక్క వినగానే 500 రకాలూ ఒకేసారి కనిపిస్తాయని అనుకోకండి, అసలు పొరపాటంతా అక్కడే మొదలవుతుంది.

ఏడాదిలో సగానికి పైగా ఆ నేల మంచు కింద ఉంటుంది. మిగిలిన నాలుగైదు నెలల్లోనే ప్రతి మొక్కా మొలవాలి, పూయాలి, తేనెటీగనో ఈగనో పిలుచుకోవాలి, విత్తనం రాల్చాలి. అందరికీ ఒకే ముహూర్తమైతే కుదరదు కదా, అందుకే వంతులు వేసుకున్నట్టు పూస్తాయి. పదిహేను రోజులకోసారి లోయ రంగు మారుతుందనేది అక్కడ గైడ్లందరూ చెప్పే మాట, రెండు నెలల్లోనూ చూశాను కాబట్టి నేనూ ఒప్పుకుంటాను.

ఏ నెలలో

లోయ జూన్ 1న తెరుస్తారు, అక్టోబర్ 31న మూస్తారు. జూన్‌లో మంచు కరిగే అంచుల్లో ప్రిమ్యులాలు, అనెమొనీలు, తడి నేలల్లో పసుపుపచ్చ మార్ష్ మేరీగోల్డ్ ఉంటాయి, అన్నీ నేలబారువే. అదృష్టం బాగుంటే రోడోడెండ్రాన్ పొదల మీద చివరి పూలు. మంచు మీద నడవడం సరదా అయితే జూన్ బాగుంటుంది, పూల కోసమైతే వద్దు.

జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అసలు పండగ. ఆ నెల రోజుల్లో వాన కూడా అంతే ధాటిగా ఉంటుంది, రెండూ విడిగా దొరకవు. ఎండ కావాలి, పూలూ కావాలి అంటే కుదరదండీ, నేను ప్రయత్నించాను. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో వానలు కాస్త తెరిపిస్తాయి, లోయ గులాబీ రంగు నుంచి పసుపుకి తిరుగుతుంది, నేల మీద నీలం సయనాంథస్, జెన్షియన్లు వస్తాయి. బ్రహ్మకమలం కోసమే వెళ్లేవాళ్లకి ఇదే మంచి సమయం, దాని కథ తర్వాత చెప్తాను. అక్టోబర్‌లో పూలు ఉండవు, బంగారు రంగు గడ్డి, తేటగా కడిగినట్టున్న శిఖరాలు ఉంటాయి, అది వేరే రకం అందం.

నన్ను ఒక్క తేదీ చెప్పమంటే ఆగస్టు మొదటి పది రోజులు అంటాను. సెలవు దొరక్క అటో ఇటో జరగాల్సి వస్తే ఆ తర్వాతి తేదీలకే జరపండి.

దారి

హైదరాబాద్ నుంచైతే డెహ్రాడూన్‌కో ఢిల్లీకో ఫ్లయిట్, రైలంటే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ. విశాఖ వైపు వాళ్లకి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కణ్ణుంచి హరిద్వార్ లేదా రిషికేశ్. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 270 కిలోమీటర్లు. మన జాతీయ రహదారి లెక్కలో ఐదు గంటలు అనుకుంటాం, కొండ రోడ్డు లెక్కలో తెల్లారుజామున బయల్దేరితే చీకటి పడేలోపు చేరితే గొప్ప. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా వస్తాయి. మీతో పెద్దవాళ్లుంటే ప్రతి సంగమం దగ్గరా ఆపమంటారు, ఆపండి, కానీ అప్పుడు రాత్రికి పీపల్‌కోటిలోనో జోషీమఠ్‌లోనో ఆగిపోవడం మంచిది. వానాకాలంలో శిరోబగడ్ లాంటి చోట్ల కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోవడం మామూలే, ఎవరి ప్లానయినా ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. తిరుగు ఫ్లయిట్‌కి ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోకుండా టికెట్ బుక్ చేస్తే తర్వాత పడే టెన్షన్ మామూలుగా ఉండదు. బయల్దేరే ముందే ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ యాత్రా రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆ దారిలో చెకింగ్ ఉంటుంది.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపు. పుల్నా నుంచి, లోయకి ముందు మనం బస చేసే ఊరు ఘాంఘరియాకి, తొమ్మిది పది కిలోమీటర్ల ఎక్కుడు. కంచరగాడిదలు దొరుకుతాయి, వాతావరణం బాగుంటే గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టర్ కూడా. ఓపిక సరిపోతుందా అని అడిగేవాళ్లకి నేను చెప్పే కొలత ఒకటే. అలిపిరి మెట్లు, అవే ఆ 3,550, ఆగి ఆగి అయినా ఎక్కి, మర్నాడు మామూలుగా లేచి తిరగగలిగితే ఇది కూడా నడవగలరు, కాకపోతే ఇది అంతకన్నా పొడుగు, పైన గాలి పలచన. ప్రవరుడి దగ్గరున్న పాదలేపం మన దగ్గర లేదు, ఉన్నా ఆ మంచుకి కరిగిపోయేదే, కాబట్టి రెండు నెలల ముందు నుంచి రోజూ గంట నడవండి.

హెలికాప్టర్ ఎక్కేవాళ్లకి ఒక నష్టం ఉంది, అది ఎవరూ చెప్పరు. పుల్నా నుంచి ఘాంఘరియా దారే సగం వృక్షశాస్త్ర పాఠం. కింద అక్రోటు చెట్లు, పైకి వెళ్లేకొద్దీ మేపుల్, ఫర్ చెట్లు, నీడల్లో ఫెర్న్‌లు, రాళ్ల సందుల్లో అడవి స్ట్రాబెర్రీలు. దారి అంచున ఆకు మీద సన్నటి నూగుతో, తులసి ఆకుని పెద్దది చేసినట్టు ఒక మొక్క ఉంటుంది, చెయ్యి ఆనించకండి. అది బిచ్ఛూ ఘాస్, తేలు గడ్డి అని అర్థం, తగిలితే మన దూలగొండి తగిలినట్టే ఉంటుంది. గఢ్వాలీలు దాన్నే కండాలీ అంటారు, లేత ఆకులు ఉడికించి కూర చేసుకుంటారు. ఉడికితే ఆ దురదంతా పోతుంది.

ఘాంఘరియా సుమారు 3,050 మీటర్ల ఎత్తులో ఉంది. చేరిన సాయంత్రం తలనొప్పి రావచ్చు, నీళ్లు బాగా తాగండి, మద్యం పుచ్చుకోవద్దు, తొందరగా పడుకోండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి రావాలి. తలనొప్పితో పాటు వాంతులూ తూలడమూ మొదలైతే ధైర్యం చూపించే పని పెట్టుకోకుండా కిందికి దిగిపోవడమే.

లోయలో మొదటి రోజు

ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు సిక్కుల గురుద్వారా ఉన్న హేమకుండ్, ఎడమవైపు లోయ. అటవీ శాఖ గేటు ఉదయం ఏడింటికి తెరుస్తారు, మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు, సాయంత్రం ఐదుకల్లా బయటికి వచ్చేయాలి, లోపల రాత్రి ఉండడానికి లేదు. ఐడీ కార్డు చూపించి టికెట్ తీసుకోవాలి. లోపలికి కంచరగాడిదలు రావు, దుకాణం లేదు, టీ లేదు. పొద్దున్నే పరాఠాలు కట్టించుకోండి, ప్లాస్టిక్ ఏది తీసుకెళ్లినా తిరిగి తేవాలి. ఏడింటికి గేటు దగ్గర ఉండడం తప్పనిసరి అనే చెప్తాను, ఎందుకంటే తొమ్మిది దాటాక గుంపులు మొదలవుతాయి, పదకొండు దాటాక మబ్బు దిగిపోతుంది.

మొదటి గంట అడవి. పుష్పావతి మీద వంతెన దాటాక నిట్రమైన ఎక్కుడు, 2013 జూన్ వరదల్లో పాత దారి కొంత కొట్టుకుపోతే కొత్తది వేశారు. చాలామంది ఇక్కడ ఆయాసపడుతూ తల వంచుకుని నడిచేస్తారు. మీరు మాత్రం ఆయాసాన్ని సాకుగా పెట్టుకుని ప్రతి మలుపులో ఆగండి. తెల్లటి బెరడు పొరలు పొరలుగా లేచి, కాగితాల్లా రెపరెపలాడే చెట్లు కనిపిస్తాయి. అవే భూర్జవృక్షాలు. భూర్జపత్రాల మీద రాశారని చిన్నప్పటి నుంచి వింటూ ఉంటాం కదా, ఆ పత్రం ఆకు కాదు, ఈ బెరడే. నాకైతే అక్కడ నిలబడేదాకా తెలీదు, తాటాకు లాంటి ఆకేదో అనుకునేవాణ్ణి. బెరడు పీకకండి, పీకిన చెట్లు ఇప్పటికే చాలా ఉన్నాయి.

చెట్లు అయిపోయి ఒక్కసారిగా లోయ తెరుచుకుంటుంది. ఇక్కడే అందరూ ఫోన్లు తీస్తారు, ఇక్కడే సగంమంది ఆగిపోతారు. నా సలహా వేరే. మొదటి రోజు ఇక్కడ ఎక్కువసేపు ఆగకుండా ఇంకా లోపలికి, జనం పలచబడేదాకా నడిచేయండి. కొంచెం పైకి జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. 1939లో మొక్కల సేకరణకి వచ్చి, ఒక వాలు మీద కాలుజారి పడి చనిపోయిన ఆవిడ. ఆ వాలులు చూశాక దారి దిగి పక్కకి ఎందుకు వెళ్లకూడదో ఎవరూ బోర్డు పెట్టి చెప్పక్కర్లేదు. ఇంకా ముందుకి వెళ్తే పుష్పావతి ఒడ్డు, గులకరాళ్ల మధ్య గులాబీ రంగు ఎపిలోబియం గుత్తులు గుత్తులుగా పూసి ఉంటుంది, ఎదురుగా మబ్బు విడితే రతబన్ శిఖరం. అక్కడ కూర్చుని తినండి. తిరిగి వచ్చేటప్పుడు మొదలుపెట్టండి అసలు పని.

వంటింటి లెక్కతో గుర్తుపట్టడం

లాటిన్ పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఈ మొక్కల్లో చాలావాటికి దగ్గరి చుట్టాలు మన వంటింట్లో, పెరట్లో ఉన్నాయి. కుటుంబం గుర్తుపడితే సగం పరిచయం అయిపోయినట్టే, పేరు తర్వాత చూసుకోవచ్చు. రెండో ప్రయాణంలో మా పెద్దమ్మ కూడా వచ్చింది, రాజమండ్రి ఆవిడ, అరవై దాటింది, మొక్కల పిచ్చి. ఈ పద్ధతి ఆవిడ దగ్గర నేర్చుకున్నదే, కుటుంబాల పేర్లు మాత్రం నేను తర్వాత చదివి సరిచూసుకున్నాను.

కాండం వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా ఉండి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే బహుశా అది తులసి, పుదీనా కుటుంబం. ఆకు తెంపక్కర్లేదు, వేలితో రాసి వాసన చూస్తే చాలు. దారి పక్క బండల మీద చాపలా పరుచుకుని చిన్న ఊదా పూలు పూసేది అడవి థైమ్, వాము వాసన కొడుతుంది. ఒక చిన్న హెచ్చరిక, ఇందాకటి తేలు గడ్డికి కూడా ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి, నూగు చూసుకుని ముట్టుకోండి.

గొడుగు తిరగేసినట్టు ఒకే చోటు నుంచి పుల్లలు లేచి, వాటి చివర తెల్లటి చిన్న పూలు ఉంటే కొత్తిమీర, జీలకర్ర కుటుంబం. మన పెరట్లో కొత్తిమీర ముదిరి పూస్తే ఎలా ఉంటుందో అదే, కాకపోతే ఇక్కడ మనిషెత్తు పెరిగేవి కూడా ఉన్నాయి. దీన్ని చూడండి గానీ రుచి చూడకండి, ఈ కుటుంబంలో విషాలు కూడా ఉంటాయి.

ఐదు రేకులు, మధ్యలో బోలెడన్ని కేసరాలు, ఆకు స్ట్రాబెర్రీ ఆకులా ఉంటే పొటెంటిల్లా. పసుపువీ ఉంటాయి, నెత్తురు రంగువీ ఉంటాయి. ఇది గులాబీ కుటుంబం. మన నర్సరీ గులాబీకి అన్ని రేకులుంటాయి గానీ అడవి గులాబీకి మామూలుగా ఐదే, అవి కూడా ఇదే దారిలో కనిపిస్తాయి.

అడవి నీడలో, ఘాంఘరియా కింద, పాము పడగ విప్పినట్టు ఆకుపచ్చ చారలతో నిలబడి ఉండేది కోబ్రా లిల్లీ. పేరులో లిల్లీ ఉంది గానీ ఇది కంద, చామ కుటుంబం, కంద పూసినప్పుడు చూసినవాళ్లకి వెంటనే పోలిక తెలుస్తుంది. వీటిలో చాలా రకాలు గడ్డ చిన్నగా ఉన్నప్పుడు మగ పూలు పూసి, గడ్డ బలిశాక ఆడ పూలకి మారతాయి. కాయ కాయాలంటే ముందు ఒంట్లో బలం ఉండాలిగా. సెప్టెంబర్‌లో వెళ్తే ఎర్రటి మొక్కజొన్న పొత్తులా కాయలు నిలబడి ఉంటాయి.

కాండం మీద కణుపు దగ్గర సన్నటి పొర చుట్టుకుని ఉండి, పైన చిన్న తెల్లటి పూల కంకులు, కాండం ఎర్రెర్రగా ఉంటే చుక్కకూర కుటుంబం. లోయలో అన్నిటికన్నా ఎక్కువ గొడవ ఈ కుటుంబం గురించే. పాలిగోనం అని ఒక మొక్క, మనిషి నడుము ఎత్తున పెరిగి కింద ఉన్నవాటికి ఎండ తగలనివ్వదు. లోయని జాతీయ ఉద్యానం చేశాక గొర్రెల మేత ఆపేశారు, ఆ తర్వాత ఇది బాగా పెరిగిందని, మేత ఆపడం వల్లే అని కొందరు, కాదని కొందరు. అటవీ శాఖ మాత్రం మనుషుల్ని పెట్టి పీకిస్తూ ఉంటుంది. మీరు వెళ్లినప్పుడు పీకేసిన మొక్కల కుప్పలు కనిపిస్తే "అయ్యో పూల మొక్కలు పీకేస్తున్నారు" అని కంగారు పడకండి, కలుపు తీస్తున్నారు.

ఆగస్టులో లోయని గులాబీ రంగు చేసేది బాల్సం. రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, మీరు నడిచే సందు తప్ప అటూ ఇటూ గోడల్లా ఉంటుంది. మన ఇళ్లల్లో పిల్లలు కాయ నొక్కి టప్పున పేల్చుకునే బాల్సం గుర్తుందా, ఇది దాని అన్నయ్య, పండిన కాయ ముట్టుకుంటే విత్తనాలు చిమ్మేస్తుంది. యూకేలో ఉండే మనవాళ్లు ఏరుల గట్ల మీద చూసే హిమాలయన్ బాల్సం కూడా ఈ వంశమే, ఇక్కణ్ణుంచి తోటల కోసం తీసుకెళ్తే అక్కడ కలుపై కూర్చుంది. ఫోటోలకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది, అందుకే దీని దగ్గరే అందరూ ఆగిపోతారు. మీరు దీని కాళ్ల దగ్గర వంగి చూడండి. నీలి ఊదా రంగులో, మధ్య తెల్లగా ఉండే జెరేనియం, ఏనుగు తొండంలా ముక్కు సాచిన పెడిక్యులారిస్, ఇవన్నీ కింద దాక్కుని ఉంటాయి. పెడిక్యులారిస్ పక్క మొక్కల వేళ్ల నుంచి కొంత తిండి లాక్కుంటుంది, చూడ్డానికి మాత్రం ఏమీ ఎరగనట్టే ఉంటుంది.

ఇంకొకటి నాకు బాగా నచ్చినది మొరీనా. ముళ్ల ఆకులు, కాండం చుట్టూ అంతస్తులు అంతస్తులుగా పూలు, ఒకే మొక్క మీద తెలుపు, గులాబీ, ముదురు ఎరుపు. మూడు రకాల పూలు కావవి, విప్పినప్పుడు తెల్లగా ఉండి పరాగం అందాక రంగు తిరుగుతాయి.

మందు మొక్కల విషయం. అతివస, కటుకరోహిణి, జటామాంసి, ఈ పేర్లు మన ఆయుర్వేదం కొట్లలో వినేవే, ఇవన్నీ ఈ ఎత్తుల్లో పెరిగేవే. అయిదు వేళ్ల చెయ్యి లాంటి దుంప ఉండే సాలంపంజా అనే ఆర్కిడ్ కూడా. అక్రమంగా తవ్వేయడం వల్ల వీటికి ముప్పు వచ్చింది, ఎవరైనా ఊళ్లో రహస్యంగా అమ్మజూపితే కొనకండి. అతివస బంధువుల్లోనే వసనాభి లాంటి ఘోరమైన విషాలున్నాయి, టోపీ పెట్టుకున్నట్టుండే నీలం పూల జోలికి అసలు పోవద్దు. సంజీవని ఏది అని మా పెద్దమ్మ గైడ్‌ని అడిగింది, అడగకుండా ఉంటుందా. అతను నవ్వి, ఇదే జిల్లాలో ద్రోణగిరి అని ఊరుందని, కొండ ముక్క పట్టుకుపోయాడన్న కోపంతో ఆ ఊరివాళ్లు ఇప్పటికీ హనుమంతుణ్ణి పూజించరని చెప్పాడు. పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో రోజు మళ్లీ లోయలోకే వెళ్లండి, ఈసారి సగం దూరమే, రెట్టింపు సమయం. మొదటి రోజు మీరు దాటేసినవి ఎన్నో చూసి సిగ్గేస్తుంది. పేర్ల కోసం సీక్ లాంటి యాప్ ఇంటి దగ్గరే దింపుకోండి, నెట్ లేకపోయినా చాలావరకు కుటుంబం చెప్తుంది, జాతి పేరు విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఫోటో తీసేటప్పుడు పువ్వొకటి, ఆకొకటి, మొక్క మొత్తం ఒకటి తీయండి, పువ్వు ఒక్కటే తీస్తే తర్వాత ఎవరూ పేరు చెప్పలేరు.

హేమకుండ్, బ్రహ్మకమలం

మూడో రోజు హేమకుండ్. ఆరు కిలోమీటర్లే, నిట్టనిలువు, నాలుగు వేల మీటర్ల పైకి. ఓపిక లేనివాళ్లు కంచరగాడిద ఎక్కండి, మొహమాటం వద్దు. పైన సిక్కుల గురుద్వారా, సరస్సు, పక్కనే లక్ష్మణుడి గుడి ఉన్నాయి. గురుద్వారాలో పెట్టే వేడి కిచిడీ, టీ ఆ చలిలో అమృతం. పైన రాత్రి బస లేదు, మధ్యాహ్నం కల్లా దిగడం మొదలుపెట్టాలి.

భక్తి సంగతి ఎలా ఉన్నా మొక్కల కోసమైనా వెళ్లాల్సిన చోటిది, లోయలో కన్నా నీలి గసగసాల పువ్వు ఈ దారిలోనే బాగా కనిపిస్తుంది. బండల సందుల్లో ఒంటరిగా, ఒళ్లంతా ముళ్లతో, రేకులు మాత్రం పట్టు కాగితంలా, ఆకాశం రంగులో ఉంటుంది. మన రోడ్ల పక్కన పసుపు పూలతో, ముళ్లాకులతో కనిపించే బలురక్కసి కూడా ఇదే కుటుంబం, పోల్చి చూస్తే నవ్వొస్తుంది. ఈ నీలి పువ్వు మొక్క జీవితంలో ఒక్కసారే పూసి, విత్తనం ఇచ్చి చచ్చిపోతుంది. కాబట్టి పువ్వు తెంపితే ఆ మొక్క వంశాన్నే తెంపినట్టు. జూలై, ఆగస్టు మొదట్లో చూడాలి.

చివరి రెండు కిలోమీటర్లలో, దారి పైన రాళ్ల వాలుల్లో బ్రహ్మకమలం. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. ఇక్కడ ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక గొడవ జరుగుతుంది, మా ఇంట్లోనూ జరిగింది. మా పెద్దమ్మ డాబా మీద ఇరవై ఏళ్లుగా ఒక "బ్రహ్మకమలం" ఉంది. ఏడాదికోసారి రాత్రి పూస్తుంది, ఆవిడ వీధందరినీ పిలిచి హారతిచ్చి ఫోటోలు తీయిస్తుంది. గైడ్ వేలు పెట్టి చూపించిన మొక్కని చూసి, "ఏరా, క్యాబేజీలా ఉంది, ఇది బ్రహ్మకమలం ఎలా అవుతుందిరా?" అంది. "ఇదే అసలుది పెద్దమ్మా, మన డాబా మీదది కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చింది" అంటే, "నోర్ముయ్" అంది.

కానీ విషయం అదే. మన ఇళ్లల్లో రాత్రి పూసే తెల్ల పువ్వు ఎపిఫిల్లం అనే కాక్టస్. ఇక్కడిది పొద్దుతిరుగుడు, చేమంతి కుటుంబం. పైకి పువ్వులా కనిపించే లేత పసుపు తెలుపు రేకులు అసలు రేకులే కావు, పల్చటి కాగితం లాంటి ఆకులు. వాటిని కొంచెం పక్కకి జరగనిచ్చి లోపలికి తొంగి చూస్తే ముదురు ఊదా రంగులో చిన్న చిన్న పూలు గుంపుగా ఉంటాయి. ఆ పల్చటి ఆకులు లోపలి పూలకి గాజు ఇల్లు కట్టినట్టు చలినీ వాననీ ఆపుతాయి. దీని చుట్టం ఫేన్ కమల్ అయితే ఒళ్లంతా దూది చుట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది. బ్రహ్మకమలాన్ని బదరీ కేదార క్షేత్రాల్లో దేవుడికి సమర్పిస్తారు, ఆ వంకతో కోసుకుపోయేవాళ్ల వల్లే దారి పక్కన కనపడకుండా పోయి, పై వాలుల్లో మిగిలింది. మీరు కోయకండి, కోసినవాళ్ల దగ్గర కొనకండి. కడియం నర్సరీలో నాటించొచ్చు కదా అని విత్తనాల గురించి కూడా అడుగుతారు కొందరు. ఏడాదిలో సగం మంచు కింద పడుకునే మొక్క గోదావరి ఎండకి వారం కూడా ఆగదు.

సామాను, పొట్ట

మంచి గ్రిప్ ఉన్న బూట్లు, ముందే నాలుగు వారాలు తొడిగి అలవాటు చేసుకున్నవి. గొడుగు పనికిరాదు, బ్యాగుతో సహా కప్పేసే పాంచో కావాలి. జీన్స్ వద్దు, తడిస్తే మూడు రోజులు ఆరదు. సాక్సులు ఎన్ని అనుకున్నారో దానికి రెట్టింపు. బ్యాగు లోపల సామానంతా పాలిథీన్ కవర్లలో, నేను పెట్టలేదు, మొదటిసారి కెమెరా లెన్సులో తేమ చేరి ఫోటోలన్నీ మంచు వెనక నుంచి తీసినట్టు వచ్చాయి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంట్లో మూడు రోజులు ఫోన్ రాదని చెప్పి వెళ్లండి, కరెంటు కూడా వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్. నోట్లు చేతిలో ఉంచుకోండి.

తిండి అక్కడ రాజ్మా అన్నం, పరాఠా, మ్యాగీ. గురుద్వారా లంగర్‌లో ఎవరికైనా ఉచితంగా పెడతారు. ఆవకాయ చిన్న డబ్బా, కందిపొడి ఉంటే ఆ రాజ్మా అన్నానికి ప్రాణం వస్తుంది. దొరికితే ఫరన్ అనే అడవి ఉల్లి ఆకుతో పోపు పెట్టిన పప్పు అడిగి తినండి, మన ఇంగువ పోపుకి ఎక్కడా తీసిపోదు.

గైడ్ కావాలా అంటే, దారి కోసం అక్కర్లేదు, మొక్కల కోసం కావాలి. భ్యూందర్, పుల్నా ఊళ్ల కుర్రాళ్లయితే మంచిది, అడవిలో పెరిగినవాళ్లు. చలికాలంలో ఘాంఘరియా మొత్తం ఖాళీ చేసి కిందికి దిగిపోతారు, ఆ నాలుగైదు నెలల సంపాదనే ఏడాదికి. మొదటే అడగండి, "పూల పేర్లు తెలుసా, హిందీలో చెప్పినా చాలు" అని. "సబ్ మాలూమ్ హై" అన్నవాణ్ణి పక్కనున్న ఏదో ఒక మొక్క చూపించి పరీక్షించండి.

దిగే రోజు మోకాళ్లు ఎక్కేటప్పటికన్నా ఎక్కువ పట్టేస్తాయి, కర్ర ఒకటి పుల్నాలోనే కొనుక్కుని ఉంచుకోండి. మధ్యాహ్నం పన్నెండుకల్లా గోవింద్‌ఘాట్ చేరితే ఆ రోజే జోషీమఠ్ దాటొచ్చు, కొండ దారిలో రాత్రిపూట బండ్లు నడపనివ్వరు. మాకు పీపల్‌కోటి దగ్గర చరియ విరిగిపడి ఒక రోజంతా పోయింది. లాడ్జి గదిలో సీలింగ్ ఫ్యాన్ కింద ఆరు జతల సాక్సులు ఆరేసి, పెద్దమ్మా నేనూ కూర్చుని ఫోటోలకి పేర్లు పెట్టుకున్నాం. నాలుగు వందల పైచిలుకు ఫోటోల్లో సగం బాల్సమే. క్యాబేజీ లాంటి దాన్ని మాత్రం ఆవిడ తన ఫోన్లోకి పంపించుకుంది, కింద ఏం రాసుకుందో నాకు చూపించలేదు.